సంతకం సొమ్మును ఎన్నేళ్లతో భాగించాలి?

అమెరికాలో మైనర్ లీగ్ పిచర్, అంటే మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లకు అనుబంధంగా ఉండే దిగువ శ్రేణి జట్లలో బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు, తన జీవితంలో తీసుకునే అతి ఖరీదైన ఆర్థిక నిర్ణయం తరచుగా తొలి బంతి వేయకముందే జరిగిపోతుంది. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవారిని ఎంచుకునే వార్షిక ప్రక్రియలో, ఎంపికైన యువకుడికి ఒకేసారి ముట్టే సంతకం బోనస్‌ను చూసి, "ముందు మంచి పికప్ ట్రక్కు కొనుక్కో, జీతం ఎలాగూ వస్తుంది" అని సలహా చెప్పే బంధువు ఒకరు ఉండనే ఉంటారు. ఆ సలహాలో ట్రక్కు కన్నా ప్రమాదకరమైనది "ఎలాగూ" అన్న ధీమా.

ఆ జీతం ఎంతో 2018 నాటి లెక్క చెబుతుంది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన ఫెడరల్ చట్టం మైనర్ లీగ్ ఆటగాళ్లకు ఓవర్‌టైమ్ హక్కు లేకుండా చేసి, ఎన్ని గంటలు శ్రమించినా వారానికి 40 గంటల కనీస వేతనం ఇస్తే చాలునన్నది, గంటకు 7.25 డాలర్ల చొప్పున అది 290 డాలర్లు. సింగిల్-ఎ అనే దిగువ శ్రేణిలో సీజన్ సుమారు 22 వారాలు అనుకుంటే ఏడాది రాబడి 6,380 డాలర్లు. వసంతకాలపు శిక్షణ శిబిరానికి అప్పట్లో జీతమే ఉండేది కాదు. ఒంటరి వ్యక్తికి ఆ ఏటి ఫెడరల్ దారిద్ర్య ప్రమాణం 12,140 డాలర్లు. ఉదాహరణకు బోనస్ 60,000 డాలర్లయితే, ఏజెంటుకు 5 శాతం కింద 3,000, పన్నులకు పావు వంతు కింద 15,000 పోగా 42,000 మిగులుతుంది. దానిని ఐదేళ్లకు పంచితే ఏడాదికి 8,400 చొప్పున జీతంతో కలిసి 14,780 అవుతుంది కాబట్టి బతుకు ఎలాగో గడుస్తుంది. అందులో 35,000 ట్రక్కుకు పోతే మిగిలిన 7,000 ఏటా 1,400గా మారి, మొత్తం 7,780 దగ్గర ఆగిపోతుంది. దారిద్ర్య ప్రమాణానికి ఏటా 4,360, ఐదేళ్లకు 21,800 డాలర్ల లోటు. సలహా చెప్పినవారికి అది భోజనాల వేళ అన్న ఒక మాట. విన్నవాడు మాత్రం చేతికి విశ్రాంతి, ఒంటికి కసరత్తు అవసరమైన చలికాలమంతా పిల్లలకు ఆట నేర్పుతూనో, సరుకులు చేరవేస్తూనో ఆ లోటు పూడ్చుకోవాలి.

అయినా ఆ ధీమాకు ఒక ఆధారం లేకపోలేదు. అదే ఏడాది మేజర్ లీగ్ కనీస వేతనం 5,45,000 డాలర్లు, అంటే సీజన్‌లో రోజుకు సుమారు 2,900; అక్కడి ఒక్క వారం సంపాదన సింగిల్-ఎలో మూడు సీజన్ల జీతాన్ని మించుతుంది. అయితే ఆ వారాన్ని అత్యధికులు చూడరు. పైగా పిచర్ ఆస్తి అంతా మోచేతి లోపలి లిగమెంట్‌లో, అంటే ఎముకలను కలిపి ఉంచే కణజాలపు పట్టీలో ఉంటుంది. అది తెగితే 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి చేసిన టామీ జాన్ శస్త్రచికిత్స తప్పదు, తరువాత ఏడాదికి పైగా మైదానం ఉండదు. 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్న ఉత్తరప్రదేశ్ యువకుడు రింకూ సింగ్ కూడా గాయాల వల్ల మేజర్ లీగ్ చేరకుండానే ఆటకు దూరమై కుస్తీ ప్రదర్శనలవైపు మళ్లారు.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. భవిష్యత్ మేజర్ లీగ్ రాబడిలో వాటా రాసిచ్చి ముందే సొమ్ము తీసుకునే ఒప్పందాలున్నాయి. ఆట మానిన రెండేళ్లలోపు చదువు మొదలుపెడితే జట్టే రుసుము భరించే నిబంధనను సంతకం రోజునే రాయించుకోవచ్చు.

2018 తరువాత పరిస్థితి కొంత మారింది. 2022 నుంచి జట్లే వసతి కల్పిస్తున్నాయి. 2023లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఉమ్మడి ఒప్పందంతో మైనర్ లీగ్‌లో పై శ్రేణి అయిన ట్రిపుల్-ఎలో కనీస వార్షిక వేతనం 35,800 డాలర్లకు చేరింది. లోటు తగ్గింది గాని మోచేతికి హామీ రాలేదు. పొలం అమ్మిన సొమ్ములాగే సంతకం బోనస్ కూడా మళ్లీ పండదు కనుక, అది ఎన్నేళ్లు సాకాలో ఆ ఏళ్లతో భాగించాక వచ్చే అంకెనే అసలు ఆదాయంగా భావించడం వివేకం. ఆ భాగహారం చేయకుండా ఇచ్చే సలహా ఎంత ప్రేమతో చెప్పినదైనా, దాని ఖర్చు భరించేది చెప్పినవారు కాదు.