నాన్న చందా పుస్తకంలో మా పోర్ట్

"పోర్ట్‌కి చందాలేటిరా? పోర్ట్ గవర్నమెంట్‌ది కదా!"

రాత్రి అన్నం తింటూ నేను చెప్పిన ఒక్క మాటకి నాన్న వేసిన ప్రశ్న ఇది. ఆయన తప్పేం లేదు. ముప్పై రెండేళ్లు విశాఖ పోర్ట్‌లో క్రేన్ నడిపిన మనిషి. 1933లో ఓడలకి తలుపులు తెరిచిన ఆ పోర్టే ఆయనకి పోర్ట్. నాకేమో పోర్ట్ అంటే ఒక మెషీన్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ని ఇంకో మెషీన్ మీద నడిచేలా మార్చడం.

"ఓడలో సరుకుని లారీకి ఎక్కిస్తారు చూడు, అలాంటిదే నాన్నా" అన్నాను.

"అలగైతే సరుకు ఎవుడిది?" అన్నారు, పెరుగు కలుపుకుంటూ.

నవ్వేశాను. ఆ ప్రశ్న ఎంత పెద్దదో తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇదంతా 2024 వేసవిలో మొదలైంది. సెలవులకి వచ్చిన మా మేనల్లుడికి ఎనిమిదేళ్లు. "నీ చిన్నప్పటి వీడియో గేమ్ చూపించు మామయ్యా" అన్నాడు. చిన్నప్పుడు మేం సాలగ్రామపురం పోర్ట్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పూర్ణా మార్కెట్ దగ్గర కొన్న వీడియో గేమ్ ఒకటి ఉండేది. "9999 ఇన్ 1" అని రాసున్న పసుపు క్యాసెట్, అందులో నిజంగా ఉన్నవి పదో పన్నెండో ఆటలు. ఆడకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదేవాళ్లం. మీలో చాలామంది ఊదే ఉంటారు.

ఆ పెట్టె ఎప్పుడో పోయింది. అందుకని ఫోన్‌లో ఎమ్యులేటర్ వేశాను. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఎమ్యులేటర్ అంటే పాత గేమ్ మెషీన్‌లా నటించే సాఫ్ట్‌వేర్. మన పసుపు క్యాసెట్ పెట్టెలన్నీ 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కి నకళ్లు. దాని ర్యామ్ కేవలం 2 కేబీ. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి ఏ ఫోన్ అయినా ఆ పెట్టెలా నటించగలదు.

యాప్ ఫ్రీయే. కానీ రెండు నిమిషాలకోసారి ప్రకటన. రమ్మీ, బెట్టింగ్, మళ్లీ రమ్మీ. మూడో రోజు వాడు నా దగ్గరికొచ్చి, "మామయ్యా, ఇది నొక్కితే డబ్బులొస్తాయంట, నీ ఫోన్ పే పిన్ చెప్పవా" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో చిన్న బాధ కూడా ఉంది. ఆ యాప్‌లో ఆటలన్నీ మా చిన్నప్పటికంటే వేగంగా నడుస్తున్నాయి, పాట కూడా పరిగెడుతోంది. కారణం వెతికితే దొరికింది. మన టీవీలది పాల్ పద్ధతి, సెకనుకి 50 బొమ్మలు. జపాన్, అమెరికాలది 60. మన నకలు పెట్టెలు 50తో నడిచేవి. అంటే నా బాల్యం ఆరింట ఐదు వంతుల స్పీడ్‌లో గడిచిందన్నమాట!

ఈ 50 లెక్కని సరిగ్గా పాటించే చిన్న ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ ఒకటి కంప్యూటర్‌కి ఉంది. ఫోన్‌కి లేదు. బీటెక్‌లో నాతో చదివిన ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకడు రుషికొండలో ఉద్యోగం, ఇంకొకడు బెంగళూరులో. "ఆండ్రాయిడ్‌కి పోర్ట్ చేద్దాం, ప్రకటనలు లేకుండా" అన్నాను. అసలు కోడ్ రాసిన విదేశీయుడికి మెయిల్ పెడితే, "నిక్షేపంగా చేసుకోండి, మీ మార్పులు కూడా అందరికీ తెరిచి పెట్టండి" అన్నాడు. ఆ లైసెన్స్ షరతు కూడా అదే.

లెక్క వేశాం. రకరకాల చిప్‌లున్న పాత ఫోన్లు నాలుగు, 20,000. బ్లూటూత్ కంట్రోలర్లకి 3,000. ప్లే స్టోర్ ఖాతా ఒకసారి కట్టే 25 డాలర్లు, సుమారు 2,000. ఏళ్ల తరబడి ఊరికే రాసిన ఆ అసలు మనిషికి 15,000. మొత్తం నలభై వేలు.

మేమే తలా కొంత వేసుకోవచ్చు. కానీ బెంగళూరు వాడి ఉద్యోగం అప్పుడే పోయింది, నాకు హౌసింగ్ లోన్. పైగా బయట ఇలాంటివి జనం డబ్బుతోనే నడుస్తున్నాయి. పీఎస్పీ ఆటలకి పీపీఎస్ఎస్‌పీపీ ఉంది కదా, 2012లో స్వీడన్ ప్రోగ్రామర్ హెన్రిక్ రిద్గార్డ్ మొదలుపెట్టింది. అది ఫ్రీ. ఇష్టమైనవాళ్లు డబ్బులిచ్చి 'గోల్డ్' కొనుక్కుంటారు, అదే ఆయనకి చందా. ఆయన అంతకుముందు డాల్ఫిన్ అనే ఎమ్యులేటర్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. (డాల్ఫిన్ అనగానే నాన్న కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూశారు. వదిలేశాను.)

చందా అన్న మాట దగ్గర మాత్రం నాన్నకి విషయం మొత్తం అర్థమైపోయింది. మా కాలనీ వినాయక చవితి కమిటీకి ఆయన పదిహేనేళ్లు ట్రెజరర్. లోపలికెళ్లి పొడుగు లెక్కల పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు.

"రాసుకో. పేరు, ఎంత, ఎందుకు. ప్రతి పైసాకీ లెక్క అందరికీ కనబడాలి. మిగిలింది జేబులోకి ఎల్లకూడదు."

మొదటి గీత ఆయనే రాశారు: నాన్న, 116 రూపాయలు, పోర్ట్ నిమిత్తం.

సరుకు ఎవుడిది?

యూపీఐ ద్వారా ఆరు వారాల్లో 63 మంది ఇచ్చారు. స్టీల్‌ప్లాంట్‌లో చేసే మావయ్య 1,116. కాలేజీ జూనియర్లు యాభై, వంద. నాన్నతో పనిచేసిన ఒకాయన, ఏమిటో ఎందుకో అడక్కుండానే 516. మొత్తం 28,400. ఇంకా పదకొండు వేల ఆరువందలు తక్కువ.

సరిగ్గా అప్పుడే ఒక మొబైల్ షాపాయన ఒకేసారి 12,000 పంపారు. మా గ్రూప్‌లో పండగ. పది నిమిషాలకి ఆయన మెసేజ్: "తమ్ముడూ, రెండొందల గేమ్స్ లోపలే పెట్టెయ్యి. కస్టమర్లకి వేసిస్తా."

ఇక్కడే అసలు చిక్కు. ఎమ్యులేటర్ రాయడం తప్పు కాదు. సోనీ, కనెక్టిక్స్ కంపెనీల కేసులో 2000లో అమెరికా అప్పీల్ కోర్టు ఎమ్యులేటర్ కట్టినవాళ్ల వైపే తీర్పిచ్చింది. కానీ ఆటలు వేరే. అవి ఇంకా వాటి కంపెనీల సొత్తు. పైగా ఆ ఏడాదే యుజు గొడవ జరిగింది. నింటెండో స్విచ్ ఎమ్యులేటర్ అది, నెలనెలా అభిమానుల డబ్బుతో నడిచేది. ఫిబ్రవరిలో నింటెండో కేసు వేసింది, మార్చికల్లా వాళ్లు 24 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకొని ప్రాజెక్ట్ మూసేశారు.

"మనల్ని ఎవరు పట్టించుకుంటార్రా? అందరూ పెడుతున్నారు" అన్నాడు రుషికొండ వాడు. నిజం చెప్పాలంటే నాకూ ఒక పూట అలాగే అనిపించింది. పన్నెండు వేలు ఖాతాలో కనిపిస్తుంటే ధర్మం కొంచెం మసగ్గానే కనిపిస్తుంది.

నాన్నకి చెప్పాను. ఆయన యుజు గురించి అడగలేదు, అమెరికా కోర్టు గురించి అడగలేదు. "మొదట్లోనే అడిగాను కదా, సరుకు ఎవుడిదని. క్రేన్ నాది కాకపోయినా నడిపే హక్కు నాకుంది. అందులో పెట్టె ఎత్తుకుపోతే దొంగతనమే అవుద్ది."

ఆ రాత్రే 12,000 వెనక్కి పంపాం. షాపాయన "మీ ఇష్టం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. కంట్రోలర్లు కొట్టేశాం. నాలుగు ఫోన్లు రెండయ్యాయి. అసలు మనిషికి ఇచ్చే 15,000లో కోత పెడదామా అన్న మాట వచ్చింది కానీ, అది ఆయన పేరు చెప్పి అడిగిన డబ్బు. ముట్టుకోలేదు.

దాక్కున్న మూడు వారాలు

వినాయక చవితికల్లా, అంటే సెప్టెంబర్ 7కి ఇస్తామని అందరికీ మాటిచ్చాం. ఆగస్టులో ఆట నడిచింది. శబ్దం మాత్రం చిటపటలాడుతోంది, పెనం మీద నీళ్లు చల్లినట్టు.

ఫోన్ తెర సెకనుకి 60 సార్లు మారుతుంది. మాకేమో ఆట 50 సార్లే కదలాలి. తెరని నమ్ముకుంటే ఆట ఉరుకుతోంది. గడియారం పెట్టి 20 మిల్లీ సెకన్లకోసారి కదుపుదామంటే, చవక ఫోన్లలో ఆ గడియారం ఒకసారి 18 అంటుంది, ఒకసారి 25 అంటుంది. ఆలస్యమైన ప్రతిసారీ స్పీకర్‌కి ఇవ్వాల్సిన శబ్దం నిండుకుని 'చిట్' అంటుంది. రాత్రి పదికి ఆఫీసు పని ముగించి, రెండింటి దాకా అదే పని. ఐదు వారాలు పట్టింది.

ఈ ఐదు వారాల్లో నేను చేసిన పెద్ద తప్పు, బగ్ కాదు. ఎవరికీ ఏమీ చెప్పకపోవడం. చవితి వచ్చింది. పందిరి దగ్గర 516 ఇచ్చిన పెద్దాయన కనిపిస్తే స్తంభం వెనక్కి తప్పుకున్నాను. ఆయన డబ్బు అడగడానికి కాదు, ప్రసాదం ఇవ్వడానికే వస్తున్నారని తర్వాత తెలిసింది. అప్పటికే మూడు వారాలుగా గ్రూప్‌లో మెసేజ్‌లు చూసి కూడా జవాబివ్వడం మానేశాను.

నాన్న చూశారు. ఇంటికొచ్చాక అన్నారు: "పని అవలేదని చెప్పడానికి సిగ్గెందుకురా? ఓడ ఆలస్యం అవుద్ది. ఎక్కడుందో చెప్పకపోతేనే జనం మునిగిపోయిందనుకుంటారు."

మర్నాడు 63 మందికీ రాశాను. ఎంత వచ్చింది, దేనికి ఎంత అయింది, ఏం ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది. డబ్బు వెనక్కి కావాలంటే ఇచ్చేస్తాం అని కూడా. ఇద్దరు అడిగారు, 1,016 తిరిగిచ్చాం. కానీ తొమ్మిది మంది ఇంకో 4,200 పంపారు! దాంతో మూడో ఫోన్ కొన్నాం. దాని మీదే బగ్ దొరికింది. తెరనీ గడియారాన్నీ వదిలేసి, శబ్దాన్నే తాళంగా పెట్టుకున్నాం. స్పీకర్ దగ్గర శబ్దం తగ్గినప్పుడల్లా ఆట ఒక్క అడుగు వేస్తుంది. చిటపటలు పోయాయి. తాళం తప్పితే పాట ఎలా ఉంటుందో కోలాటం ఆడిన ఎవరినడిగినా మాకు మొదటి రోజే చెప్పుండేవారు.

ఇంకా అవ్వలేదు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి ప్లే స్టోర్ ఒక నిబంధన పెట్టింది. యాప్ బయటికి రావాలంటే ముందు 20 మంది వరసగా 14 రోజులు టెస్టర్లుగా ఉండాలి. (తర్వాత ఆ సంఖ్యని 12కి తగ్గించారు. మాకు ఆ అదృష్టం లేదు.) కాలనీ మీద పడ్డాం. పాలబ్బాయి, ట్యూషన్ పిల్లల తల్లులు, నాన్న స్నేహితులు. ఆరో రోజు పక్కింటి పిన్నిగారు "ఫోన్ నిండిపోయింది బాబూ" అని తీసేసి, టెస్టింగ్ నుంచి కూడా బయటికొచ్చేశారు. లెక్క 19! ఇంకొకర్ని పట్టుకుని మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టాం. అమ్మ రోజూ సాయంత్రం పువ్వులు కట్టుకుంటూ, "అందరూ ఉన్నారా?" అని అడిగేది.

నవంబర్‌లో యాప్ వచ్చింది. ప్రకటనలు లేవు. లోపల ఉన్నవి రెండే ఆటలు, రాసినవాళ్లే అందరూ పంచుకోవచ్చని ఇచ్చినవి. ఇప్పటికి నాలుగొందల మంది చిల్లర దించుకున్నారు. అంతే. మేం ఫేమస్ అవలేదు. బెంగళూరు వాడికి మాత్రం ఇంటర్వ్యూలో ఈ శబ్దం బగ్ గురించే ముప్పావుగంట అడిగారట. ఉద్యోగం వచ్చింది.

సంక్రాంతికి వచ్చిన మేనల్లుడికి గర్వంగా ఇచ్చాను. వాడు ఐదు నిమిషాలు ఆడి, "బాగుంది మామయ్యా, కానీ స్లోగా ఉందేంటి?" అన్నాడు. ఏ 50 కోసం ఐదు వారాలు నిద్ర మానుకున్నామో అదే! సెట్టింగ్స్‌లో 60 పెట్టి ఇచ్చాను. వాడి చిన్నతనం వాడి స్పీడ్‌లో వెళ్లనీ.

మొన్న నాన్న పుస్తకం తెరిచి లెక్క మూశారు. వచ్చింది, వెనక్కిచ్చింది పోను, 31,584. ఫోన్లు 13,900. ప్లే స్టోర్, బ్యాంకు ఛార్జీలు 2,298. అసలు మనిషికి 15,000. మిగులు 386.

"ఇదేం చేద్దాం?" అన్నాను.

"సరుకు ఎవుడిదో వాడికే పంపు" అన్నారు.

పంపాను. ఆ విదేశీయుడు జవాబు రాశాడు: ఇన్నేళ్లలో ఇంత విచిత్రమైన మొత్తం ఎవరూ పంపలేదట, ఆ 386 ఏమిటని అడిగాడు. మా చందా పుస్తకం ఆఖరి పేజీ ఫొటో తీసి పంపాను. తెలుగులో ఉంది, అర్థమై ఉండదు. కానీ చివర్లో నాన్న పెట్టిన సంతకం, దాని పక్కన సున్నా, అవి ఏ భాషలో అయినా ఒకటే కదా.