విందుకు పోవలెనా?

గత మార్గశిరమాసములో బెంగుళూరునందు ఒక కల్యాణమంటపములో రెండు దినములు ఆటల సమ్మేళనమొకటి జరిగినది. ఆటలనగా క్రికెట్టు, కబడ్డీ వంటివి కావు, చాపమీద కూర్చుండి ఆడుకొనునవి. పచ్చీసు, పులిజూదము, వామనగుంటలు, అష్టాచెమ్మా, వైకుంఠపాళి, గంజీఫా. ప్రక్కగదిలో మన మనుమల వయసు పిల్లలు విదేశములనుండి తెప్పించిన పెట్టెలు విప్పి ఆడుకొను క్రొత్త ఆటలును కలవు. అష్టాచెమ్మా నేర్పుటకు రమ్మని నిర్వాహకులైన యువకులు నన్ను పిలిచినారు. వెంటనే ఒప్పుకొన్నాను. కాని ఆహ్వానముతో వచ్చిన పత్రములోని చివరి ప్రశ్న నన్ను పది దినములు నిలువనీయలేదు. "రెండవనాటి రాత్రి విందునకు వచ్చెదరా?" అవునని గాని కాదని గాని గుర్తు పెట్టవలెను. వచ్చువారు ఆరువందల రూపాయలు కట్టవలెను.

ఇటువంటి సమ్మేళనములు ఈ ప్రాంతమున క్రొత్తవి. అమెరికాలో 1968లో లేక్ జెనీవా అను చిన్న ఊరియందు గేరీ గైగాక్స్ అను నతడు ఒక సభాభవనములో ప్రారంభించిన జెన్ కాన్ నేడు ఇండియానాపొలిస్ నగరములో మహాసంతగా జరుగుచున్నది. మన పిల్లలు ఆ పద్ధతి చూచి నేర్చినారు. అంతమాత్రమున ఆటల ముచ్చట మనకు పరాయిది కాదు. మైసూరు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరువారు (1794-1868) తమ శ్రీతత్త్వనిధిలో కౌతుకనిధియని ఒక భాగమే ఆటలకు కేటాయించినారు. గంజీఫాలో క్రొత్త ఆటలను కల్పించినవారును వారే. ఇంగ్లండులో 1896లో హక్కుపత్రము పొందిన లూడో మన పచ్చీసు బిడ్డయే గదా! పాత దేవాలయముల నేలబండలమీద ఎవరో తీరికగా చెక్కుకొన్న గళ్ళను మీలో చాలమంది చూచియే యుందురు.

ఇది యంతయు చెప్పి అసలు సంగతి దాటవేయుచున్నాననుకొందురేమో. నిజమే, అప్పుడును అట్లే చేసితిని. విందు మానుటకు కారణములు వెదకినాను. రాత్రి పొద్దుపోవును, ఆరువందలు ఎక్కువ, నాకు శర్కరవ్యాధి కలదు. చివరిదానిని వ్రాసెదనని మా ఇంటావిడతో అన్నాను.

"మొన్న పెండ్లిలో రెండు ఒబ్బట్లు తిన్ననాడు లేని శర్కర ఇప్పుడెక్కడినుండి వచ్చినదండీ? పోకుంటే పోకండి. వంక మాత్రము పెట్టకండి" అన్నది.

ఆమెకు తెలియును. ఆహ్వానముతో వచ్చిన జాబితాలో, ఒడిశా గంజపా చూపుటకు బ్రహ్మపురమునుండి వచ్చువారి పేరు ఆమెయు చదివినది. అది మా తమ్ముని పేరు.

మా తాతగారు హిందూపురమునుండి వచ్చి ఈ నగరమున స్థిరపడినారు. బసవనగుడిలోని మా ఇంటి అరుగుమీద, వరుసకు అయిదు చొప్పున ఇరువదియైదు గళ్ళు చెక్కిన బండ యొకటి యుండెడిది. ఎవరు చెక్కించిరో మా అవ్వకును తెలియదు. కన్నడమువారైన ఇరుగుపొరుగు పిల్లలకు అది చౌకాబార, మాకు అష్టాచెమ్మా. నాలుగు గవ్వలు వేయవలెను. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, నాలుగును బోరగిల పడిన అష్టా. గాజుముక్కలు, సుద్దముక్కలు కాయలు. మా అవ్వ ఒక నియమము కచ్చితముగా పాటించెడిది. ఎదుటివాని కాయ నొక్కదానినైనను చంపనిదే లోపలి గళ్ళలోనికి పోరాదు. మా తమ్మునికి నా కాయ చంపుటకు మనసొప్పెడిది కాదు. వాని కాయలు వెలుపలి గళ్ళలోనే తిరిగి తిరిగి, పండక నిలిచిపోయెడివి. నాకు అట్టి సంకోచము లేదు. నా కాయలు నాలుగును పండెడివి. అవ్వ నన్ను చూచి నవ్వెడిది గాని, ఆ నవ్వు మెచ్చుకోలు కాదని నాకు చాలకాలము తెలియలేదు.

తమ్ముడు రైల్వే ఉద్యోగముమీద బ్రహ్మపురము చేరి, అక్కడి తెలుగువారి పిల్లనే పెండ్లాడి, అచ్చటివాడైపోయినాడు. 2013లో ఇల్లమ్మితిమి. కాగితములపై చేవ్రాలు చేసి తపాలాలో పంపినాడు, వాటా విషయమున ఒక్క మాటైన అనలేదు. ఫోనులో ఒక్కటే అడిగినాడు. "అన్నయ్యా, ఆ అరుగుబండ తీయించి నీవద్ద ఉంచుము." అట్లేనంటిని. ఇల్లు పడగొట్టు నాటి ఉదయము నేను పోవలసినవాడను. బ్యాంకు పని యని జాగు చేసినాను. పోయి చూచునప్పటికి బండ మూడు ముక్కలై ఇటుకరాళ్ళ క్రింద నున్నది. ఆ ముక్కలైనను తెచ్చుకొనలేదు. వానికి చెప్పనులేదు. తరువాత వచ్చిన సంక్రాంతికి వానినుండి ఫోను రాలేదు, నేనును చేయలేదు. ఇట్లు ఏండ్లు గడచినవి.

ఆటలమంటపములో ముప్పది బల్లలుండును. చూడనట్లు ఒకరినొకరు దాటిపోవచ్చును. విందు అట్టిది కాదు. ఈ యువకులు, ఏమి పుణ్యమో, పళ్ళెము చేతపట్టుకొని నిలువుకాళ్ళమీద తిను పద్ధతి విడిచి అరటాకులు వేయించుచున్నారట. మాటలు లేనివారు ఒక పంక్తిలో కూర్చుండరని మనవారి పెండ్లిండ్లలో చూచుచునే యున్నాము. ఒకరు మొదటి పంక్తికి పోయిన, రెండవవారు చేతిగడియారము చూచుకొని రెండవ పంక్తికి నిలిచిపోవుదురు. పంక్తిలో కూర్చుండినచో మాట్లాడక తప్పదు. మాట్లాడినచో బండ మాట రాక తప్పదు.

కాదు అను గడిలో గుర్తు పెట్టి పంపినాను.

మొదటిదినము మా తమ్ముని బల్ల నాకు ఎదురుగనే పడినది. తల పూర్తిగా నెరసినది. గుండ్రని చీట్లు పరచి, చుట్టుచేరినవారికి తెలుగునను, ఒడియాలోను, విరుగు కన్నడములోను చెప్పుచున్నాడు. దశావతార గంజీఫాలో పదిరంగులు, రంగునకు రాజు, మంత్రి, ఒకటినుండి పదివరకు అంకెలు, వెరసి నూటయిరువది చీట్లు. పగలు ఆడునప్పుడు రాముడు ఎవరి చేతిలో నుండునో వాడు ముందు ఆడవలెను, రాత్రియైన కృష్ణుడున్నవాడు. సగము రంగులలో పది పెద్దది, తక్కిన సగములో ఒకటియే పెద్దది. ఇది వినునప్పటికి పిల్లలకు తల తిరిగినది. నాకును తిరిగినది. ఇన్ని సంగతులు వాడెప్పుడు నేర్చినాడు?

నా బల్లవద్ద ఎనిమిదేండ్ల కుర్రవాడు చెల్లెలితో ఆడుచు, ఆమె కాయను చంపనన్నాడు. "చంపితీరవలెనా తాతగారూ?" అని నన్నడిగినాడు. కొన్ని ఇండ్లలో ఈ నియమము లేదు, లేదని చెప్పియుండవచ్చును. నేను నోరు తెరచులోపల ఎదుటి బల్లనుండి మా తమ్ముని కంఠము వినబడినది. నావైపు చూడలేదు, కుర్రవానితోనే అన్నాడు. "చంపకుంటే పండదు బాబూ. నేను అట్లే చాల ఏండ్లు బయట తిరిగినాను." పిల్లవాడు నవ్వినాడు. నేను గవ్వలేరుకొను నెపమున తల వంచుకొన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాటి మధ్యాహ్నము నమోదుబల్లవద్దకు పోయి విందునకు పేరు వ్రాసికొమ్మన్నాను. వంటవారికి ఆకుల లెక్క ఇచ్చివేసితిమనుచునే ఆ యువకుడు, ఒకటి రెండు సర్దవచ్చులెండి అన్నాడు. ఒడిశానుండి వచ్చిన పెద్దాయన ఏ పంక్తిలో నున్నారని అడిగినాను. చూచి, "ఆయనకూడ రానని వ్రాసినారు సార్" అన్నాడు.

పన్నెండువందలు కట్టి రెండు చీటీలు తీసికొన్నాను.

సాయంకాలము జనము పలుచబడినది. తమ్ముడు గంజపా చీట్లు లెక్కించి పెట్టెలో సర్దుకొనుచున్నాడు. ఎదుట నిలిచి, "చిన్నా, ఆ బండ నేనే పోగొట్టినాను. ఆ ఉదయము పోవలసినవాడను, పోలేదు. నీకు చెప్పకుండుట అంతకన్న తప్పు" అన్నాను. ఇంటివద్ద వల్లించుకొనివచ్చిన మాటలు ఇంకను చాల ఉండెను. అవి రాలేదు.

వాడు తల ఎత్తలేదు. "అది పోయినదని నాకు ఆ ఏడే తెలిసినది అన్నయ్యా. నీ నోట విందమని చూచినాను" అన్నాడు. కొంచెముసేపు ఊరకుండి, "లెక్క తప్పినది" అని చీట్లన్నియు మరల బల్లమీద పోసినాడు.

నేను కుర్చీ లాగికొని సగము చీట్లు నావైపు తీసికొన్నాను. ఇద్దరము లెక్కించినాము. నావైపు అరువదిరెండు, వానివైపు ఏబదియెనిమిది. అప్పటికి మొదటి పంక్తి కూర్చుండిపోయినది. మాకు రెండవ పంక్తిలో, వడ్డనవాండ్రు వచ్చిపోవు ద్వారమువద్ద, ప్రక్కప్రక్కనే చోటు దొరికినది. చారు అప్పటికే చల్లారినది.