పాయింట్ల పిల్ల

ఆటలో వచ్చిన పాయింట్లు ఎవరివి? వేసిన మనిషివా, జట్టువా? ఇదేదో ప్లీడర్లు తేల్చవలసిన వ్యవహారంలా కనిపిస్తుంది గాని, ఆరు నెలలుగా మా యింట్లో రాత్రి భోజనాల దగ్గర పప్పుకంటే ముందు వడ్డనకు వచ్చే ప్రశ్న ఇదే.

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. బాస్కెట్‌బాల్ ఆడుతుంది. అనంతపురంలో ఆట అంటే జనానికి ముందు గుర్తొచ్చేది క్రికెట్టే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలకు దేశంలోని పేరుమోసిన క్రికెటర్లు ఆర్.డి.టి. స్టేడియానికి దిగినప్పుడు, మా వీధిలో పాలుపోసే మనిషి కూడా వేళ తప్పి వచ్చాడు. అటువంటి ఊళ్ళో వుంటూ ఈ పిల్ల బుట్టలో బంతి వేసే ఆటను ఎందుకు పట్టుకున్నదో నాకు తెలియదు. పోనీ పొడుగా అంటే అదీ కాదు. పొడుగు కాదు గనకనే జట్టులో పాయింట్ గార్డు అయింది.

ఈ ఆట ఎరగనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. జట్టుకు అయిదుగురు. బంతిని నేలకేసి తట్టుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరకు తెచ్చేది, ఎవరు ఎటు పరుగెత్తాలో కనుసన్నతో చెప్పేది, ఖాళీగా దొరికినవాళ్ళ చేతికి బంతి అందించేది పాయింట్ గార్డు. పెళ్ళిలో వడ్డనలు చూసే పెద్దమనిషి వంటి పని అన్నమాట. ఏ పంక్తికి చారు రాలేదో, ఏ విస్తట్లో అన్నం నిండుకున్నదో కనిపెట్టి కేక వెయ్యడం ఆయన వంతు. ఆ పెద్దమనిషే విస్తరి ముందు చతికిలబడి వడలన్నీ తానే తింటూ వుంటే పెళ్ళివారు ఏమంటారు? అయితే ఆయన వడలు తినడంలో నిజంగానే ఘనుడై, తక్కినవాళ్ళకు వడ నమలడం కూడా చేతగాకపోతే? పోలిక ఇక్కడ తెగిపోతుంది గాని, చిక్కు మాత్రం సరిగ్గా ఇదే.

తంటా అంతా ఆ పేరుతో వచ్చింది. "పాయింట్ గార్డంటే పాయింట్లు వేసేది కాక మరేమి నాయనా?" అంటాడు మా అబ్బాయి. వాడు బ్యాంకులో పని చేస్తాడు. ఎర్ర అట్ట పుస్తకంలో తేదీల వారీగా కూతురి పాయింట్లు రాస్తాడు. "సెలక్షన్‌కు వచ్చినవాళ్ళు ఎవరెన్ని వేశారనే అడుగుతారు. అందించినవాళ్ళను ఎవరు చూస్తారు?" అని వాడి వాదం. వాడి మాట కొట్టిపారెయ్యదగ్గదేమీ కాదు. జిల్లా జట్టులో చోటు దొరికితే ఆ పైన రాష్ట్రపు పోటీలు, ఆ పోటీలకు సర్టిఫికెట్టు, ఆ సర్టిఫికెట్టుకు రేపు కాలేజీ సీటులో క్రీడల కోటా. మధ్యతరగతి యింట్లో పిల్ల బంతి పట్టుకున్నా గిట్టుబాటు లెక్క వెయ్యక తప్పదు గదా.

వచ్చిన చిక్కేమిటంటే, ఎర్ర పుస్తకంలో అంకెలు పెరుగుతున్నకొద్దీ జట్టు ఓడిపోతున్నది. ఒక ఆటలో జట్టు మొత్తం 31 వేస్తే అందులో 23 మా పిల్లవే. అవతలివాళ్ళు 38. ఆ సాయంత్రం పి.ఇ.టి. సారు దాన్ని పక్కకు పిలిచి, "అమ్మా, నువ్వు ఇరవై దాటిన ఆటలన్నీ పోతాండాయి" అన్నాడట. "నేను వెయ్యకుంటే పది కూడా రావు సార్" అన్నదట ఇది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. పిల్ల యింటికి వచ్చి అన్నం ముట్టలేదు. "బాగా ఆడేది కూడా తప్పేనా?" అని వాళ్ళ జేజి నా మీదికి లేచింది, ఆ సారును నేనే ఉద్యోగంలో పెట్టినట్టు.

రిటైరైనవాడిని. నాకు తీరికే ఆస్తి. పొద్దున ఆరింటికి అమెరికావాళ్ళ ఎన్.బి.ఎ. ఆటలు, సాయంత్రం కబడ్డీ చూస్తూ ఈ సంగతి ఆలోచించాను.

ముందు మన యింటి గోడు. ప్రో కబడ్డీ 2014లో మొదలయింది. తెలుగు టైటాన్స్ ఆ మొదటి ఏడాది నుంచీ వున్న జట్టు. 2025 వరకు పన్నెండు సీజన్లు జరిగితే మనవాళ్ళు ఒక్క టైటిలూ గెలవలేదు సరిగదా, ఫైనల్ గడప కూడా తొక్కలేదు. కూతగాళ్ళకు కొదవా అంటే అదేం లేదు. మొదటి ఆరు సీజన్లూ రాహుల్ చౌధరి మన జట్టులోనే వున్నాడు. ఆ లీగులో కూతల మీద 500 పాయింట్లు దాటిన మొదటివాడు అతడే. 2016లో జరిగిన నాలుగో సీజన్‌లో 146 పాయింట్లతో కూతగాళ్ళందరికీ పైన నిలిచాడు. జట్టుకు మాత్రం నాలుగో స్థానం దక్కింది.

తర్వాత పవన్ సెహ్రావత్ వచ్చాడు. 2023 వేలంలో అతనికి 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోశారు. అంతకుముందు ఆ వేలంలో ఎవరికీ అంత ధర పలకలేదు. నాయకత్వం కూడా అతనికే అప్పగించారు. ఆ సీజన్‌లో అతడు కూతలమీద 200 పైగా పాయింట్లు వేశాడు. అంటే పోసిన డబ్బుకు మనిషి మోసం చెయ్యలేదు. జట్టు 22 ఆటల్లో 2 గెలిచి, పన్నెండు జట్లలో పన్నెండోదిగా మిగిలింది. నా పక్కన కూర్చుని చూసిన మా పక్కింటి మామ టీవీ కట్టేసి, "ఒక్క ఎద్దుతో సేద్యం" అని లేచిపోయాడు.

అంతటితో ఆగితే పి.ఇ.టి. సారు గెలిచినట్టే. కాని ఇదే పవన్ 2018 సీజన్‌లో బెంగళూరు బుల్స్ తరఫున 271 పాయింట్లు వేసి అందరికంటే ముందున్నాడు. ఫైనల్‌లో ఒక్కడే 22 వేసి జట్టుకు కప్పు తెచ్చాడు. ఆ కాళ్ళే, ఆ కూతే. అప్పుడు జట్టు నాయకుడు రోహిత్ కుమార్. పవన్‌కు కూతకు పోవడమొక్కటే పని. సరే, నాయకుడై కూడా వేసి గెలిచినవాడు లేడా అంటే వున్నాడు. 2017లో పాట్నా పైరేట్స్ నాయకుడు ప్రదీప్ నర్వాల్ 369 పాయింట్లు వేశాడు. ఒక్క సీజన్‌లో అన్ని పాయింట్లు ఆ తర్వాత ఎవరూ వెయ్యలేదు. కప్పు పాట్నాకే వచ్చింది. అయితే ఆ జట్టులో అతని పక్కన మోనూ గోయత్ వున్నాడు. అతడు ఇంకో జట్టులో వుంటే అక్కడ మొదటి కూతకు పోదగినవాడు. ప్రదీప్ బయట కూర్చున్నా అవతలివాళ్ళకు ఊపిరి పీల్చుకునే వీలు లేదు.

అంచేత పాయింట్లు ఎన్ని అన్న దగ్గర లెక్క తేలడం లేదు. 2024లో దేవాంక్ దలాల్ అదే పాట్నాకు 301 వేశాడు. ఫైనల్‌లో హర్యానా స్టీలర్స్ చేతిలో పాట్నా 32-23తో ఓడింది.

బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నేట్ ఆర్చిబాల్డ్ అని ఒక పొట్టి గార్డు వుండేవాడు. 1972-73లో ఆటకు సగటున 34 పాయింట్లు వేశాడు. అందించడంలో కూడా ఆ యేడు అతడే మొదటివాడు. రెండింటా మొదటివాడైన ఈ మహానుభావుడి జట్టు ఆ యేడు చివరి పోటీలకే అర్హత పొందలేదు! అతనికి టైటిల్ దక్కింది 1981లో, బోస్టన్‌లో లారీ బర్డ్ వంటివాళ్ళ పక్కన చేరి, సగటున 14 పాయింట్లకు దిగిన తర్వాత. ఆస్కార్ రాబర్ట్‌సన్‌దీ అదే దారి. 1961-62లో సగటున 30 దాటి వేసినవాడు, టైటిల్ కోసం 1971 వరకు ఆగవలసి వచ్చింది. అప్పటికి అతని పాయింట్లు 20 లోపుకు తగ్గాయి. పక్కన ఏడడుగుల కరీమ్ అబ్దుల్-జబ్బార్ వున్నాడు.

ఇవి చదివి నేను పిల్లకు చెప్పదలచుకున్న మాట సిద్ధం చేసుకున్నాను గాని, దానికి నోట్లో సమాధానం తయారుగా వుంది. "మరి 2025లో షాయ్ తాతా?" అన్నది. షాయ్ గిల్జియస్-అలెగ్జాండర్ సంగతి అది. ఓక్లహామా సిటీ జట్టు గార్డు. ఆ యేడు లీగులో అందరికంటే ఎక్కువగా ఆటకు సగటున 32.7 పాయింట్లు వేశాడు, ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు, టైటిల్ గెలిచాడు. వేసేవాడు గెలిపించలేడనేవాళ్ళకు ఇది గట్టి జవాబే. నేను కాదనలేదు. కాని ఆ ఫైనల్స్‌లో అయిదో ఆట నేను కాఫీ చల్లారేదాకా చూశాను. షాయ్ 31 వేశాడు, 10 అందించాడు. అతని పక్కన జేలన్ విలియమ్స్ 40 వేశాడు. షాయ్ దగ్గరకు ఇద్దరు పరుగెత్తినప్పుడల్లా ఎక్కడో ఒకడు ఒంటరిగా మిగిలాడు. బంతి అక్కడికి పోయింది. పోయిన బంతిని పట్టుకున్న చేతికి అలవాటు వున్నది.

ఈ చివరి ముక్క దగ్గరే నా మనస్సు ఆగింది. ఆ అలవాటు ఫైనల్ రోజున రాదు. అంతకుముందు ఎన్నో మామూలు సాయంత్రాలు, తన చేతిలో వుంటే పడే బంతిని తీసి తనకంటే తక్కువవాడికి ఇచ్చి, వాడు జారవిడిస్తే మళ్ళీ ఇచ్చిన వాడొకడుండాలి. దానికి వెల వుంది. ముందు ఓడిపోవాలి. మా జిల్లాలో పెద్దలు వేరుశెనగ సాళ్ళ నడుమ కంది సాలు వేసేవాళ్ళు. ఆ సాలు మేర వేరుశెనగ తగ్గినట్టే. వాన దగా చేసి కాయ ఊరని ఏడు మాత్రం కుండలోకి వచ్చేవి ఆ కందులే. ఇది చెబితే మా పిల్ల, "సెలక్షన్ మూడు వారాలుంది, మీ కందులు కోతకు రావడానికి ఆరు నెలలు పడుతుంది" అన్నది. దీనికి నా దగ్గర సమాధానం లేదు. పధ్నాలుగేళ్ళ పిల్లను ఇతరుల చేతులు బాగుపడటానికి తన అంకెలు తగ్గించుకోమనడం చిన్న కోరిక కాదు.

నేనే ఒకరోజు మైదానానికి పోయి గట్టుమీద కూర్చున్నాను. ఆషాఢం. మా పీఠభూమి మీద ఆ నెల గాలి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు; రామగిరి గుట్టలమీద గాలిమరలు ఊరకే పాతలేదు. బయటి సిమెంటు కోర్టు మీద, మూడు పాయింట్ల గీత దగ్గర నుంచి వేసిన బంతి సగం దారిలో మనసు మార్చుకుంటుంది. మా పిల్ల అటువంటి బంతులు తొమ్మిది వేసింది, రెండు పడ్డాయి. నేను చూసింది అది కూడా కాదు. బంతి దాని చేతికి రాగానే తక్కిన నలుగురూ నిలబడిపోతున్నారు. ఒకతె జడ సవరించుకున్నది. బుట్ట కింద వున్న పొడుగు పిల్ల చేతులు కిందికి వేలాడేసి, సినిమా చూస్తున్నట్టు మా దాన్ని చూస్తున్నది. రాదని తెలిసిన బస్సుకోసం ఎవరు పరుగెడతారు?

యింటికి వచ్చి పాయింట్ల మాటే ఎత్తకుండా ఈ జడ సంగతి ఒక్కటి చెప్పాను. పిల్ల నవ్వలేదు.

తర్వాతి ఆటలో అది ఆరే వేసింది. పొడుగు పిల్లకు ఎన్నిసార్లు ఇచ్చిందో లెక్కపెట్టలేదు గాని, అందులో ఎక్కువ చేతుల్లోంచి జారినవే. 19-34. ఆ రాత్రి మా అబ్బాయి ఎర్ర పుస్తకంలో '6' అని రాసి, కలం మూత బిగించిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. వాళ్ళ జేజి నాకు మజ్జిగ పొయ్యడం మరిచిపోయింది.

దాని తర్వాత ఆట 27-26తో గెలిచారు. అవతలి జట్టులో ముఖ్యమైన పిల్ల అయిదో ఫౌలుతో బయటికి పోయింది. కనక ఈ గెలుపును నా వాదానికి సాక్షిగా నిలబెట్టను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆఖరి నిమిషంలో ఒక పాయింటు వెనకబడి వుండగా బంతి మా పిల్ల చేతికి వచ్చింది. ఎవరికీ ఇవ్వలేదు, తానే వేసింది. ఇవ్వనక్కర లేకపోయింది. అంతకుముందు రెండుసార్లు పొడుగు పిల్ల బంతి పట్టుకుని వేసి వుండటంవల్ల, ఎదుటివాళ్ళలో ఇద్దరు దాన్ని వదలలేక బుట్ట కిందే వుండిపోయారు. మా దాని ముందు ఒక్కతే మిగిలింది.

వేసేవారు జట్టును నడపగలరా అంటే, నన్నడిగితే ఆ నిమిషాన్ని చూపిస్తాను. ఆ బంతి పడకపోయినా అదే చూపించేవాణ్ణి.

ఆదివారం సెలక్షన్లు. అక్కడ కూర్చునేవాళ్ళు ఏం చూస్తారో, ఏం రాసుకుంటారో! పిల్ల దానంతట అది బూట్లు కడిగి డాబామీద ఆరబెట్టింది. నిన్న రాత్రి మా అబ్బాయి లేని సమయం చూసి ఎర్ర పుస్తకం తెరిచాను. పాయింట్ల గడి పక్కన స్కేలు పెట్టి ఇంకో గడి గీశాడు. పైన 'ఇచ్చినవి' అని రాశాడు. మొదటి గడికంటే కాస్త సన్నగానే వుంది.