ఉక్కునగరంలో ఒక మాటకు అనువాదం

విశాఖపట్నంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల అడవులూ కొండలూ దాటి, రాయపూర్ మీదుగా దుర్గ్ చేరుకొంటారు. దుర్గ్‌ను ఆనుకొనే భిలాయి ఉక్కునగరం ఉంది. నేను కూర్చున్న బండి కింది పట్టాలు బహుశా ఆ ఊళ్ళోనే పుట్టి ఉంటాయి. దేశంలోని రైళ్ళకు దశాబ్దాలుగా పట్టాలు పోస్తున్న కర్మాగారం అది.

నన్ను అక్కడికి రప్పించినది మాత్రం ఉక్కు కాదు, ఒక కాగితం. టౌన్‌షిప్‌లోని ఒక చర్చివారు తమ సంఘపు మౌలిక విలువలను ఇంగ్లీషులో ఒకే పుటలో రాసుకొన్నారు. హిందీ గాని ఇంగ్లీషు గాని సులువుగా చదవలేని వృద్ధుల కోసం దానిని తెలుగు చేసిపెట్టమని పాస్టరుగారు ఒక మిత్రుని ద్వారా అడిగించారు. ఒక్క పుట, ఒక్క పూట పని అనుకొన్నాను. మొదటి మాట దగ్గరే కలం ఆగింది. ఆ మాట ‘వెల్కమ్’.

భిలాయిని చూడనివారికి ఆ ఊరి పుట్టుక కొంత చెప్పాలి. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కుదిరింది. నాలుగేళ్ళకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు ఆనాటి లక్ష్యం. పొలాల నడుమ సెక్టర్లు వెలిశాయి. వెడల్పాటి రోడ్లు, చెట్ల వరుసలు, ఒకే మూసలో పోసిన క్వార్టర్లు వచ్చాయి. ఆంధ్ర, కేరళ, బెంగాలు, పంజాబు, తమిళనాడు, ఒరిస్సాల నుంచి వచ్చిన మనుషులు గోడకొక భాషగా కాపురాలు పెట్టారు. సెక్టర్ 6 ప్రాంతంలో మసీదు, గురుద్వారా, చర్చి ఒకదానికొకటి నడకదూరంలో కనిపిస్తాయి. పురాతన నగరాలలో ఇలాంటి పొరుగు ఏర్పడడానికి శతాబ్దాలు పడుతుంది. ఇక్కడ నగర పటం గీసినవారి కలమే ఆ పని చేసింది.

‘వెల్కమ్’కు స్వాగతం అని రాసి కొట్టివేశాను. ఆ మాట పెళ్ళిపందిరి ముఖద్వారం మీద ఉండదగినది. దాని కింద నుంచి నడిచి వెళ్ళినవాడిని అది మళ్ళీ పలకరించదు. ఆతిథ్యం అన్నాను. తెలుగు బైబిలు వాడిన మాట అదే. దాని వెనుక ఉన్న గ్రీకు పదం ‘ఫిలొక్సెనియా’, అనగా పరదేశి పట్ల ప్రేమ. మన అతిథి శబ్దానికి పెద్దలు చెప్పే వ్యుత్పత్తి వేరు: తిథి లేనివాడు, ఫలానా రోజున వస్తానని చెప్పక వచ్చేవాడు. గ్రీకువాడు వచ్చినవాని పరాయితనాన్ని చూశాడు, మనవాడు వేళగాని వేళను చూశాడు. కాని భిలాయికి తిథి లేకుండా వచ్చినవాడు ఎవడు? అందరూ నియామకపు ఉత్తర్వు జేబులో పెట్టుకొని, చేరవలసిన తేదీకి చేరినవారే. అందరూ అతిథులైన ఊళ్ళో గృహస్థు ఎవరు?

గృహస్థులు లేకపోలేదు. కర్మాగారానికీ టౌన్‌షిప్‌కూ భూములిచ్చిన ఛత్తీస్‌గఢీ గ్రామాలవారే అసలు గృహస్థులు. వారిలో పర్మనెంటు ఉద్యోగులైన వారున్నారు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు కూలీలుగానే మిగిలినవారూ ఉన్నారు. ఆ కూలీల పక్షాన పోరాడిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న ఈ ఊళ్ళోనే హత్యకు గురైనాడు. ఈ సంగతి మరచి భిలాయిలో ఏ సంఘం ‘అందరికీ’ అన్న మాట రాసినా అందులో వెలితి ఉంటుందని నా అభిప్రాయం. పాస్టరుగారితో అదే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. తమ బల్లల మీద కూర్చునేవారిలో కాంట్రాక్టు కూలీలు ఎందరో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునని ఒప్పుకొన్నారు.

మన తెలుగు సంఘాల చరిత్రకు కూడా ఈ వెలితి కొత్తది కాదు. ఒకే ప్రభువు బల్ల దగ్గరకు వచ్చినవారు కులాన్ని బట్టి వేరు వరుసల్లో కూర్చున్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. తెల్లవారి మిషన్ల సంగతీ అంతే. 1910లో ఎడింబరో మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య, మిషనరీల త్యాగాలన్నిటినీ ఒప్పుకొంటూనే, మాకు స్నేహితులు కావాలి అన్న అర్థంతో చేసిన ప్రసంగం ఈనాటికీ తలచుకొంటారు. రెండేళ్ళకు ఆయన దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. పుట్టుకకు తమిళుడు, తెలుగు నేర్చుకొని తెలుగువారి మధ్య బతికాడు. దయ చూపడం వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు అని ఆ రైల్వే జంక్షను బిషప్పుకు తెలుసు. భిలాయి రైలు మార్గంలోనే పడమరగా ఉన్న నాగపూరులో, 1970 నవంబరు 29న, ఆరు సంఘాలు తమ వేరువేరు పేర్లు వదులుకొని ఉత్తర ఇండియా సంఘంగా ఏకమయ్యాయి. పేరు వదులుకోవడం కష్టమే. బల్ల మీద జరిగి చోటివ్వడం అంతకంటె కష్టమేమోనని నాకు తోస్తుంది.

ఇక ‘ఆహ్వానం’, ‘చేర్చుకొనడం’. రెండవది మంచి బైబిలు మాటే. కాని మధ్యప్రదేశ్ 1968లో చేసిన మతస్వాతంత్ర్య చట్టం 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు వారసత్వంగా వచ్చింది. మతమార్పిడి పేరిట అనుమానాలూ గొడవలూ మరిగే చోట, చేర్చుకొంటాం అని అచ్చువేసిన కాగితాన్ని ఎవరు ఎలా చదువుతారో చెప్పలేము. ఇక్కడికి దక్షిణాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని బస్తర్‌లో, 2025 జనవరి 7న మరణించిన ఒక పాస్టరు శరీరం సొంత ఊళ్ళో సమాధికి నోచుకోక ఇరవై రోజులు శవాగారంలో ఉండిపోయింది. వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. సొంత పొలంలో పూడ్చవచ్చునా అన్నదానిపై ఇద్దరు న్యాయమూర్తులూ భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చి, చివరకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమని జనవరి 27న ఆదేశించారు. ఆ వార్త చదివిన తరువాత ‘వెల్కమ్’ అన్న మాట నా చేతిలో బరువెక్కింది.

ఆదివారం ఆరాధనకు వెళ్ళాను. హిందీ పాట, ఆ తరువాత తెలుగు పాట, మధ్యలో పిల్లల గిటారు. ముగిసిన తరువాత చెట్టు కింద టీ ఇచ్చారు. రిటైరైన రోలింగ్ మిల్లు కార్మికుడొకాయన, గోదావరి జిల్లా యాస ఇంకా చెదరనివాడు, నా పని తెలుసుకొని నవ్వాడు.

“నేనొచ్చినప్పుడు నన్నెవరూ స్వాగతం అనలేదండి. హిందీ అక్షరం ముక్క రాదు నాకు. పాటలపుస్తకం చేతికిచ్చారు, తలకిందులుగా పట్టుకున్నాను. పక్కనున్న మలయాళీ ఆయన మాట్లాడకుండా జరిగి, పుస్తకం తిప్పి, పాట అయ్యేదాకా లైను కింద వేలు పెట్టి చూపించాడు. వచ్చే ఆదివారం కూడా ఆయన పక్కన ఖాళీ ఉంచాడు. అంతే.”

ఆ రాత్రి కాగితం మీద మొదటి మాటగా ‘చోటు’ అని రాశాను. దాని కింద: వచ్చినవారికి పక్కన చోటు, పనిలో చోటు, పెత్తనంలో చోటు, చివరకు నేలలో చోటు. ఇంగ్లీషు మూలంలో ఇవేవీ ఇంత విడిగా లేవు. అనువాదకుడు మూలాన్ని దాటరాదని కాలేజీలో నేర్చినవాడినే, దాటాను. పాస్టరుగారు రెండుసార్లు చదివారు. ‘పెత్తనం’ దగ్గర కళ్ళద్దాలు సర్దుకొన్నారు. పెద్దల కమిటీలో అందరూ పర్మనెంటు ఉద్యోగులూ పెన్షనుదార్లే, ఆ మాట వారికి రుచించకపోవచ్చునన్నారు. మారుస్తారా అని అడిగాను. మార్చను, కమిటీలోనే పెడతానన్నారు.

నేను దుర్గ్‌లో బండి ఎక్కే నాటికి ఆ కమిటీ ఇంకా కూడలేదు.