బిచాణా ఎత్తేశాడు

జూన్ 3
వీధి చివర చీటీలాయన రాత్రికి రాత్రి మాయం. తాళం ముందు జనం. "బోర్డు తిప్పేశాడు" అన్నాడొక కుర్రాడు. "బిచాణా ఎత్తేశాడ్రా" అని దిద్దాడు పక్కనున్న పెద్దాయన. బోర్డు తిప్పేది కంపెనీ, బిచాణా ఎత్తేది మనిషి. పెద్దాయనదే సరైన లెక్క.

జూన్ 4
ఉర్దూలో బిఛానా అంటే పరచడం. పరిచిన పడకకూ అదే పేరు. అది మన నోట బిచాణా అయింది. కొందరు బిచానా అని రాస్తారు. పడక చుట్టేశాడంటే ఇక తిరిగిరాడని అర్థం. మన దగ్గర దీనికి రెండు కొసలూ ఉన్నాయి: వేయడం, ఎత్తేయడం. చుట్టం బిచాణా వేస్తే ఇంటివాళ్లకు దిగులు, బాకీదారు ఎత్తేస్తే అప్పిచ్చినవాళ్లకు.

డేరా కూడా ఇంతే, వేస్తారు, ఎత్తేస్తారు. మకాం మాత్రం మర్యాదస్తురాలు. మకాం మార్చినవాణ్ణి ఎవరూ తిట్టరు.

జూన్ 7
ఉడాయించడం. హిందీలో ఉడానా అంటే ఎగరేయడం: గాలిపటాన్ని, పావురాన్ని, తండ్రి సంపాదించిన డబ్బుని. ఎగిరేది ఎప్పుడూ అవతలిదే. తెలుగులోకి వచ్చాక ఎగరేసినవాడే ఎగిరిపోయాడు. జిల్లా పేజీలో ఈ వేళ కూడా ఒకడు నగదుతో ఉడాయించాడు.

జూన్ 8
ఇలా కలిసిపోయిన పరాయి మాటల కోసం బ్రౌన్ 1854లో వేరే నిఘంటువే వేశాడు. పండితులు వాటిని వాకిట్లోనే నిలబెట్టిన కాలంలో!

జూన్ 11
గుంటూరు వైపు ఇంకోటి ఉంది: ఐపీ పెట్టడం. ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కి పొట్టి పేరు. 1920 నాటి దివాలా చట్టం కింద, అప్పు తీర్చలేనని కోర్టుకి చెప్పుకోవడం. ఐపీ పెట్టినవాడు చట్టం దారినే వెళ్లాడు, బిచాణా ఎత్తినవాడు దొడ్డిదారిన. రచ్చబండ దగ్గర ఇద్దరికీ పడే తిట్లు మాత్రం ఒకటే. ఇది అన్యాయం.

జూన్ 15
పేకాట ముగిశాక మా బావ: "ఇక బిచాణా ఎత్తేద్దామా?" ఎవరికీ కోపం రాలేదు. మన గురించి మనం అనుకుంటే సరదా, వెళ్లిపోయినవాడి వెనక అంటే నింద. బాకీ ఉందా లేదా అన్నదే తేడా.

జూన్ 16
పరారీ అరబ్బీ నుంచి వచ్చి పోలీసు కాగితాల్లో స్థిరపడింది. జంప్ కుర్రాళ్లది. తట్టాబుట్టా సర్దుకోవడం అచ్చంగా మనదే, కానీ అందులో తొందర తక్కువ, చీకటి అసలే లేదు. అప్పు ఎగ్గొట్టి పోయినవాడికి నా ఓటు బిచాణాకే.