మొదటి మూడు రోజులు

టెక్సస్‌లోని ఒక చిన్న బీరు తయారీ కేంద్రంలో సెల్లార్ పని నాది. మాల్ట్ రసం మరిగించేది వేరేవాళ్లు. అది చల్లారి ట్యాంకులోకి చేరిన క్షణం నుంచి బాధ్యతంతా నా మీద ఉంటుంది. అందుకేనేమో, ఇంట్లో బీరు కాచుకునే ఇక్కడి తెలుగువాళ్లు తరచూ ఫోన్ చేస్తుంటారు. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం వచ్చాక ఇంటి వాడకానికి చేసుకునే బీరు మీద ఫెడరల్ పన్ను లేదు. సామాన్లన్నీ దుకాణాల్లో దొరుకుతాయి. అందరూ చేదునిచ్చే హాప్స్ పూల గురించే అడుగుతారు. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను: "బీరు ఎన్ని డిగ్రీల దగ్గర పులిసింది?"

"ఏసీ 22లో పెట్టామన్నా" అంటారు.

అది గది లెక్క (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే). చక్కెర తింటున్న ఈస్ట్ ఆల్కహాల్‌తో పాటు వేడిని కూడా పుట్టిస్తుంది. 20 లీటర్ల బకెట్‌లో పులియడం జోరందుకున్నాక లోపలి బీరు గది కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గది 22 అంటే బీరు 26 అన్నమాట. ఏల్ రకం బీరు ఈస్ట్‌లలో చాలావాటికి 18-20 మధ్య హాయిగా ఉంటుంది. 26 దగ్గర అవి పరుగెత్తుతాయి. అడగని అరటిపండు వాసన వస్తుంది, దాని వెనక గోళ్లరంగు తుడిచే మందు వాసన, మింగితే గొంతులో వేడి. ఈ చివరిది ఫ్యూసెల్ ఆల్కహాళ్ల పని. ఒకసారి పుట్టాక వాటిని ఈస్ట్ మళ్లీ తినదు. సీసాలో నెలల తరబడి దాచినా ఆ మంట పోదు.

మా ట్యాంకుల గోడల్లో చల్లని గ్లైకాల్ తిరుగుతుంది కాబట్టి మేం ఆ వేడిని లాగేయగలం. ఇంట్లో ఆ సదుపాయం లేదు. అందుకే ఈస్ట్ వేయకముందు నుంచే జాగ్రత్తపడాలి. రుచిని నిర్ణయించేది ఈస్ట్ సంఖ్య పెరిగే తొలి రెండు మూడు రోజులే. వారం తర్వాత బకెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టి లాభం లేదు.

జూలైలో ఇక్కడ కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి. మరిగిన రసంలో ముంచే రాగి గొట్టపు చుట్టలో ఆ నీళ్లు ఎంతసేపు పారించినా రసం అంతకన్నా చల్లబడదు. చివర్లో చిన్న పంపుతో ఐసు నీళ్లు తిప్పాలి. "రాత్రయిపోయింది, ఈస్ట్ వేసేస్తాం, పొద్దున్నకి అదే చల్లబడుతుంది" అనేవాళ్లను గట్టిగా ఆపుతాను. శుభ్రం చేసిన బకెట్‌లో పోసి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, 17కి దిగాక పొద్దున వేయండి. ఆ ఆలస్యం వల్ల నష్టం లేదు.

ఇక పరికరం. పాత చెస్ట్ ఫ్రీజర్, ఒక ఉష్ణోగ్రత కంట్రోలర్ ఉంటే చాలు. కంట్రోలర్ ప్రోబ్‌ను, అంటే వేడిని కొలిచే దాని కొనను, ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. గాలిలో వేలాడదీస్తే అది గాలినే కొలుస్తుంది. బకెట్ గోడకు ఆనించి టేపు వేసి, పైన మందపాటి ఫోమ్ ముక్క కప్పితే బీరును కొలుస్తుంది. ఫ్రీజర్ కొనలేనివాళ్లు నీళ్ల తొట్టిలో బకెట్ దించి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పొద్దునా సాయంత్రం మార్చినా సరిపోతుంది. తడి చొక్కా తొడిగి ఫ్యాను పెట్టే పద్ధతి పశ్చిమ టెక్సస్ పొడిగాలికి బాగానే పనిచేస్తుంది. హ్యూస్టన్ ఉక్కలో దాన్ని నమ్ముకోవద్దు.

బవేరియాలో 1553 నుంచి 1850 దాకా వేసవిలో బీరు కాచడమే నిషేధంగా ఉండేది. సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకే అనుమతి ఉండేది. ఈస్ట్ అంటే ఏమిటో తెలియని కాలంలోనే వేడి చేసే చెడు వాళ్లకు తెలిసిపోయిందంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. 1870లలో జర్మన్ ఇంజనీరు లిండే శీతల యంత్రం వచ్చాక గానీ చల్లగా పులిసే లాగర్ బీరుకు వేసవి గండం తప్పలేదు. వేడికి బెదరని ఈస్ట్ కూడా ఒకటుంది: నార్వే పల్లెల క్వైక్. వోస్ ప్రాంతపు క్వైక్ 35 దాటినా శుభ్రంగా పులియబెడుతుంది. ఫ్రీజర్ లేనివాళ్లకు జూలైలో నేను చెప్పేది అదే.

చివర్లో మాత్రం వేడి కావాలి. చక్కెర చాలావరకు అయిపోయాక (గ్రావిటీ, అంటే రసం సాంద్రత, తగ్గడమే దానికి గుర్తు) ఏల్‌ను రెండు డిగ్రీలు, 10 దగ్గర నడిచిన లాగర్‌ను 16 దాకా పెంచితే, వెన్న వాసననిచ్చే డైఅసిటైల్‌ను ఈస్ట్ తనే తినేస్తుంది. తొందరపడి చల్లబరిస్తే ఈస్ట్ అడుగుకు చేరుతుంది, వాసన మిగిలిపోతుంది. అనుమానముంటే చిన్న గ్లాసుడు తీసి, మూతపెట్టి, 60 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లారాక వాసన చూడండి. వెన్న తగిలితే ఇంకా ఆగాలి.

మొన్న డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కొత్త కంట్రోలర్, ప్రోబ్ మీద ఫోమ్, నాలుగు రోజులుగా 18.

"ఇప్పుడు 20కి పెంచనా అన్నా?"

"గ్రావిటీ ఎంతుంది?"

"1.050తో మొదలైంది, ఇప్పుడు 1.020."

"పెంచు తమ్ముడూ" అన్నాను.