గాలి తిరగబడిన రాత్రి

1989 నవంబరు 8. కావలికి తూర్పున, తుమ్మలపెంట వైపు ఉన్న మా పాలెం మొత్తం బడి శ్లాబు బిల్డింగులో చేరింది. నాకప్పుడు పద్నాలుగేళ్లు. పొద్దున్నుంచీ ఉత్తరపు గాలే. చీకటి పడేసరికి నిలబడితే మనిషిని పడేస్తోంది. ఉత్తరం తలుపుకి బెంచీలు అడ్డం పెట్టి, వాటి మీద బియ్యం మూటలు పేర్చి, మగవాళ్లు వీపులు ఆనించి కూర్చున్నారు. ఆడవాళ్లనీ పిల్లల్నీ దక్షిణం గోడ వారగా కూర్చోబెట్టారు. అటువైపు గాలి లేదు మరి.

బాగా పొద్దుపోయాక చెవులు దిబ్బడేశాయి. చంటిబిడ్డలు గుక్కపట్టి ఏడ్చారు. భయంతో అనుకున్నాం. గాలి పీడనం పడిపోతే అలా అవుతుందని పెద్దయ్యాక చదువుకున్నాను. మామూలు రోజుల్లో సముద్రం ఒడ్డున అది 1010 మిల్లీబార్ల చుట్టూ ఉంటుంది. ఆ తుఫాను నడిమధ్యన 930 దాకా దిగిందని వాతావరణ శాఖ అంచనా. ఏడువందల మీటర్ల కొండెక్కితే తగ్గేంత అన్నమాట. పీడనం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి గాలి తోసుకొస్తుంది. ఆ తేడా ఎంత తక్కువ దూరంలో ఉంటే దాని ఊపు అంత ఎక్కువ. ఆ తుఫాను చుట్టుకొలతలో చిన్నది. ఆ బిగువులోంచే గంటకు 230 కిలోమీటర్ల గాలి పుట్టింది.

ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. వాన లేదు, గాలి లేదు. "అమ్మయ్య, పోయింది" అన్నారు. నేను మామా అని పిలిచే పక్కింటాయన పడవ చూసొస్తానని లాంతరు తీసుకుని బయటికి పోయాడు. మా నాయన కూడా లేచాడు. అమ్మ చొక్కా పట్టుకుని, "ఈ చీకట్లో యాడికి? గమ్మున కూసో" అంది.

ఈసారి మోత దక్షిణం నుంచి వచ్చింది. కిటికీ రెక్క గడియతో సహా ఊడి లోపలికి వచ్చింది. అమ్మ దాన్ని వీపుతో నెట్టిపట్టబోతే మోచేతి మీద పడింది. ఆమె అరిచి ఉంటుంది, పక్కనే ఉన్నా నాకు వినపడలేదు. మగవాళ్లు బెంచీలన్నీ ఇటు లాక్కొచ్చారు. తెల్లారేదాకా ఆ చేతిని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది మళ్లీ చాచడానికి రాలేదు.

మర్నాడు సర్వి తోపు చూశాం. కింద పడున్న చెట్ల తలలు దక్షిణానికి ఉన్నాయి. వాటి మీద పడ్డ చెట్ల తలలు ఉత్తరానికి ఉన్నాయి. మామ ఆ పైచెట్ల కింద దొరికాడు.

గాలి నేరుగా కేంద్రంలోకి దూకదు. భూమి తిరగడం వల్ల మన అర్ధగోళంలో అది కుడికి ఒరుగుతుంది. అలా ఒరుగుతూ కేంద్రం చుట్టూ అపసవ్యంగా తిరుగుతుంది. తుఫాను తూర్పు నుంచి పడమరకు వస్తోంది కాబట్టి కేంద్రం రాకముందు మాకు ఉత్తరపు గాలి, దాటాక దక్షిణపు గాలి. మధ్యలో ఆగింది తుఫాను కన్ను. అదే సమయంలో కేంద్రానికి ఉత్తరాన ఉన్న పల్లెల మీదికి గాలి సముద్రం నుంచి వీచి నీళ్లను ఒడ్డుకు ఎత్తింది. దక్షిణాన ఉన్నవాళ్లకు అది నేల మీంచి సముద్రంలోకి వీచింది.

ఆ తుఫాను పుట్టింది బంగాళాఖాతంలో కాదు, థాయిలాండ్ సింధుశాఖలో. అక్కడ 'సీక్రెస్ట్' అనే డ్రిల్లింగ్ ఓడను బోల్తా కొట్టించింది, 91 మంది పోయారు. నవంబరు 4న థాయిలాండ్ మెడను దాటి మన సముద్రంలోకి వచ్చి, వెచ్చటి నీటి ఆవిరి తాగి బలిసింది. నేలెక్కాక ఆ ఆవిరి అందక, రాపిడికి నీరసించి, మహారాష్ట్రలో అణిగిపోయింది. ప్రపంచం దానికి పెట్టిన పేరు 'గే'. మాకు మాత్రం కావలి తుఫానే.

ఇప్పుడు హెచ్చరిక వస్తే ఇంటింటికీ పోయి, గాలి ఆగినా తలుపు తీయొద్దని చెబుతాను. విసుక్కునేవాళ్లు ఉంటారు, అయినా చెబుతాను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు గాలి ఎక్కడా ఆగకుండా ఉత్తరం నుంచి మెల్లగా పడమటికి తిరిగింది. కేంద్రం మా మీదికి రాలేదని, ఉత్తరంగా పోతోందని దాన్నిబట్టి తెలిసింది. షెల్టర్లో ఉన్న కుర్రాళ్లకు నేలమీద సుద్దముక్కతో గీసి చూపించాను.